రోవర్ చూపే హద్దు: ఒక విమర్శ

ఉపగ్రహ సర్వేతో హద్దు తగాదాలు తీరుతాయనే వాదనను పరిశీలిద్దాం. 33 అడుగుల భుజం గల చతురస్రం ఒక గుంట. ఉపగ్రహాల రేడియో సంకేతాలతో వరంగల్ రైతు ఫోన్ చూపే స్థానం 5 మీటర్లు తప్పిందంటే గుంట వెడల్పులో సగం పోయినట్లే. స్థిర కేంద్రం నుంచి సవరణలు అందుకునే రోవర్ ఈ దోషాన్ని కొన్ని సెంటీమీటర్లకు తగ్గిస్తుంది (చెట్ల కింద, గోడల పక్కన మాత్రం తడబడుతుంది). ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన రీసర్వేలో వాడినవి ఇవే. ఇంతవరకు వాదన నిజమే. అయితే నిజాం కాలపు టిప్పన్‌లోని కొలతకు, నేటి గట్టుకు తేడా ఉంటే రోవర్ కర్రను ఎక్కడ నిలపాలి? జరిగిన గట్టు మీద నిలిపితే, ఆ తప్పే సెంటీమీటర్లతో సహా నమోదవుతుంది. కాబట్టి సర్వేయర్ ముందుగా ఇరుగుపొరుగు రైతులకు నోటీసులిచ్చి, వారి ఎదుటే టిప్పన్ పట్టుకొని పాత హద్దురాళ్లను వెతకాలి.