రెండు రిజిస్టర్ల నడుమ: 'జై భీమ్' సినిమాలో వెతుకులాట ఎవరిది?

పల్లెలో మనిషి కనపడకుండా పోతే ఇంట్లోవాళ్ళు మొదట చుట్టాల ఊళ్ళు తిరుగుతారు. ఆ తర్వాత బావులు చూస్తారు, కాలవ గట్లు చూస్తారు. చివరికి పోలీస్ స్టేషన్‌కి పోతారు. 'మ్యాన్ మిస్సింగ్' కేసు కట్టమని బతిమాలుకుంటే ఫోటో తెమ్మంటారు. ఫోటో ఉన్న ఇల్లయితే తెస్తారు. లేని ఇల్లయితే మనిషి ఎట్లుంటాడో నోటితో చెప్పాలి. నలుపా చామనఛాయా, ఎత్తెంత, ఏం చొక్కా. అయితే ఆ మనిషిని చివరిసారి చూసింది ఆ స్టేషన్ లోపలే అయినప్పుడు ఈ చెప్పుకోవడం ఎవరికి? తీసుకుపోయినవాడినే 'మావాడు ఏడి సారూ' అని అడగాల్సిన స్థితి అది. 2021 నవంబరులో వచ్చిన 'జై భీమ్' సినిమాకి మూలం ఈ ప్రశ్నే. సినిమా ఈ ప్రశ్నను ఎంతవరకు పట్టుకుంది, ఎక్కడ వదిలేసింది అన్నదే మేము ఇక్కడ చర్చించదలుచుకున్నది.

తెలుగులోకి డబ్బింగ్ అయి వచ్చిన ఈ సినిమాని మనవాళ్ళు బాగా చూశారు. విద్యార్థి సంఘాలు హాస్టళ్ళలో చూపించాయి. ఇది మంచి సినిమానా కాదా అన్న చర్చ అప్పుడే అయిపోయింది, మంచి సినిమానే. టి.జె. జ్ఞానవేల్ తీసిన ఆ మొదటి దృశ్యం చాలు. జైలు నుంచి విడుదలై బయటికొచ్చిన మనుషుల్ని గేటు దగ్గర కులం అడిగి అడిగి పోలీసులు రెండు వరసలుగా విడగొడతారు. ఒక వరస ఇళ్ళకు పోతుంది, ఇంకో వరస మళ్ళీ జీపు ఎక్కుతుంది. కులానికీ ఖాకీకీ ఉన్న సంబంధాన్ని దక్షిణాది సినిమా ఇంత తిన్నగా చెప్పిన సందర్భాలు తక్కువ. కానీ మెచ్చుకోవడంతో విమర్శకుడి పని అయిపోదు.

ముందు అసలు జరిగిందేమిటో చూద్దాం. 1993 మార్చిలో తమిళనాడులో, ఇప్పటి కడలూరు జిల్లా ప్రాంతంలో, ముదనై అనే ఊరికి చెందిన ఒక కురవర్ మనిషిని నగల దొంగతనం పేరుతో కమ్మాపురం పోలీసులు తీసుకుపోయారు. దెబ్బలకు స్టేషన్‌లోనే చనిపోయాడు. తప్పించుకు పారిపోయాడని పోలీసులు చెప్పుకొచ్చారు. పక్క జిల్లాలో మీన్సురుట్టి స్టేషన్ పరిధిలో ఒక శవం దొరికింది. ఒక స్టేషన్ లెక్కలో 'పరారీ', ఇంకో స్టేషన్ లెక్కలో 'గుర్తు తెలియని శవం'. రెండూ ఒకే మనిషి. ఈ రెండు రిజిస్టర్ల మధ్య ఉన్న దూరం బస్సు మీద పోతే పెద్ద దూరం కాదు. ఆ భార్యకు మాత్రం అది ఏళ్ళ దూరం అయింది. సీపీఎం కార్యకర్తలు ఆమె పక్కన నిలబడ్డారు. అప్పటి న్యాయవాది, తర్వాత మద్రాసు హైకోర్టు జడ్జి అయిన కె. చంద్రు హెబియస్ కార్పస్ పిటిషన్ వేశారు. చివరికి 2006లో మద్రాసు హైకోర్టులో పోలీసులకు శిక్ష పడింది. పదమూడేళ్ళు.

జిల్లా సరిహద్దు దాటించి శవాన్ని పడేయడం గురించి కాస్త ఆగి మాట్లాడుకోవాలి, ఎందుకంటే సినిమా బలంగా ఉన్న చోటు కూడా ఇదే. సినిమాలో ఆ సరిహద్దు పాండిచ్చేరి సరిహద్దు అవుతుంది. హద్దు రాయికి అవతల పడ్డ శవం అవతలి స్టేషన్ సొత్తు. వాళ్ళకు ఆ మనిషి ఎవరో తెలీదు, తెలుసుకోవాల్సిన పనీ లేదు. అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174 సెక్షన్ కింద పంచనామా రాసి, ఫోటో తీసి, దినాలు చూసి కాగితం మూసేస్తారు. ఇవతలి స్టేషన్‌లో శవమే లేదు కాబట్టి హత్యే లేదు. చంపినవాడికి హద్దు రాయి సాక్షిగా నిలబడుతుంది. భూమి మీద హద్దులు పెత్తందారు ఎట్లా వాడుకుంటాడో మన పల్లెల్లో చూసినవాళ్ళమే. రాజ్యం కూడా అట్లాగే వాడుకుంటుంది.

'పారిపోయాడు' అనే కథ కొత్తది కాదు. 1987 డిసెంబరులో ఒరిస్సాలో పోలీసులు పట్టుకుపోయిన ఇరవై రెండేళ్ళ కుర్రవాడు మర్నాడు రైలుపట్టాల మీద శవమై దొరికాడు. తప్పించుకుపోతూ రైలు కింద పడ్డాడన్నారు. అతని తల్లి సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాసింది. ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకున్న కోర్టు పోలీసుల కథను కొట్టేసి నష్టపరిహారం ఇమ్మంది. అదే నీలాబతి బెహరా కేసు. తీర్పు వచ్చింది 1993 మార్చి 24న. తేదీ చూడండి. ఢిల్లీలో దేశపు పెద్ద కోర్టు 'పారిపోయాడు' కథ చెల్లదని చెబుతున్న ఆ నెలలోనే కమ్మాపురంలో అదే కథ మళ్ళీ రాస్తున్నారు. అరెస్టు చేస్తే ఇంట్లోవాళ్ళకు చెప్పాలి, కాగితం మీద సంతకాలు తీసుకోవాలి అని సుప్రీంకోర్టు డి.కె. బసు కేసులో 1996లో నియమాలు పెట్టింది. ఆ నియమాల బోర్డు చాలా స్టేషన్లలో గోడకు ఉంటుంది. దాని కింద బెంచీ మీద కూచున్న వాళ్ళకు చదువు రాదు.

సినిమా కోర్టు దృశ్యాల్లో చంద్రు పాత్ర కేరళ రాజన్ కేసును ఎత్తుతుంది. హెబియస్ కార్పస్‌లో సాక్షుల్ని విచారించవచ్చు అనడానికి ఆ కేసు ఆధారం. ఇది కల్పన కాదు, నిజంగానే ఆ కేసు అక్కరకొచ్చింది. 1976 మార్చి 1న, ఎమర్జెన్సీలో, కాలికట్ ఇంజనీరింగ్ కాలేజీ నుంచి తీసుకుపోయిన విద్యార్థి రాజన్. తండ్రి ఈచర వారియర్ హిందీ ప్రొఫెసర్. ఆయన మంత్రులకు రాశాడు, అధికారులకు రాశాడు, కోర్టుకెక్కాడు. 1977లో ఆ కేసు దెబ్బకు కరుణాకరన్ ముఖ్యమంత్రి పదవి వదులుకోవాల్సి వచ్చింది. కొడుకు శవం మాత్రం దొరకలేదు. ఆ తండ్రి దుఃఖాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కానీ రెండు కేసుల్నీ పక్కపక్కన పెట్టినప్పుడు ఒక తేడా కనపడుతుంది. రాజన్ కేసుని మేధావులు ఎమర్జెన్సీ దుర్మార్గంగా గుర్తుంచుకున్నారు, అంటే మామూలు రోజుల్లో జరగనిది అన్నమాట. 1993లో ఎమర్జెన్సీ లేదు. ఎన్నికైన ప్రభుత్వం ఉంది, పత్రికలున్నాయి, కోర్టులు తెరిచే ఉన్నాయి. కురవర్ వాడకు జీపు రావడానికి ఇవేవీ అడ్డం కాలేదు. పౌరహక్కుల చరిత్రను ఎమర్జెన్సీ దగ్గర మొదలుపెట్టేవాళ్ళతో మాకున్న పేచీ ఇక్కడే.

ఇక అభ్యంతరాల సంగతి. మొదటిది కులం మార్పు. అసలు కుటుంబం కురవర్లు, సినిమాలో ఇరులర్లు అయ్యారు. ఇరులర్ల మీద దొంగకేసులు పెట్టడం కూడా నిజమే కాబట్టి దర్శకుడు అబద్ధం చెప్పాడని మేమనం. రేషన్ కార్డు లేదు, ఓటు లేదు, కుల సర్టిఫికెట్ ఇవ్వరు, అంటే కాగితాల్లో లేని మనిషిని కాగితాల్లో వెతకాలి అనే విషయం ఆ మార్పు వల్ల బాగా వచ్చింది. కానీ పోయింది కూడా పెద్దదే. దొంగతనం జరగ్గానే జీపు ఆ ఇంటికే ఎందుకు పోయింది? 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం పెట్టిన ముద్ర వల్ల. ఆ ముద్ర 1952లో చట్టం రద్దయినా పోలీసు బుర్రలోంచి రద్దు కాలేదు. కురవర్ అన్న పేరు ఉంచి ఉంటే ఈ చరిత్ర మొత్తం తెరమీదికి రావాల్సి వచ్చేది. పేరు మారడంతో 'అమాయక గిరిజనుడు' మిగిలాడు. పాములు పట్టేవాడు, ఎలుకలు పట్టేవాడు, భార్యను ప్రేమించేవాడు, ఎవరికీ హాని తలపెట్టనివాడు. అమాయకుడు కాకపోతే? నిజంగానే దొంగ అయితే కొట్టి చంపవచ్చా? సినిమా ఈ ప్రశ్న దగ్గరికి పోకుండా జాగ్రత్తపడింది.

తెలుగువాళ్ళం మనకిది దూరపు సంగతి కాదు. కురవర్లకు మన ఎరుకలవాళ్ళు దగ్గరి చుట్టాలు, ఇళ్ళలో మాట్లాడుకునే భాష కూడా ఆ వరసదే. తమిళనాట కురవన్ ఎస్సీ జాబితాలో ఉంటే, మన దగ్గర ఎరుకల ఎస్టీ జాబితాలో ఉంది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం 1913లో ఈ చట్టం నీడలో, సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో పుట్టిన సెటిల్మెంటు. తెలుగు సినిమా ఆ ఊరిని ఏం చేసింది? 1991లో 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్' నుంచి 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' దాకా పెద్ద హీరోల సాహసాలకు మైదానం చేసింది. ఆ ఊరి ఆడవాళ్ళు మొగుళ్ళ కోసం ఏ లాకప్పుల చుట్టూ తిరిగారో ఏ సినిమా పట్టించుకోలేదు. ఆ లెక్కన చూస్తే 'జై భీమ్' ఎంతో నయం అని ఒప్పుకోవాల్సిందే.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. సినిమాలో వెతుకులాట మొదట సెంగేనిది. కడుపుతో ఉన్న మనిషి, చేతిలో కూతురు. సగం దాకా మనం ఆమెతోపాటే ఉంటాం, ఆమెకు తెలిసిందే మనకూ తెలుసు. తర్వాత వకీలు వస్తాడు. వచ్చిన దగ్గర్నుంచి వెతుకులాట స్వభావమే మారిపోతుంది. అడుగుజాడలు, బండి టైర్ల గుర్తులు, కేరళ నుంచి వచ్చిందన్న ఫోను, అబద్ధం దొరికిపోవడం, కోర్టులో చప్పట్లకు తగ్గ మాటలు. ఇది డిటెక్టివ్ కథ పద్ధతి. చూస్తుంటే బాగానే ఉంటుంది, మేమూ కుర్చీ అంచుకు జరిగి చూశాం. కానీ మనిషి పోయిన ఇల్లు వెతికేది ఆ పద్ధతిలో కాదు. వాళ్ళ వెతుకులాటలో ఎక్కువ భాగం ఎదురుచూపే. స్టేషన్ ముందు చెట్టు కింద కూచోవడం, 'అయ్యగారు లేరు, రేపు రా' అని చెప్పించుకోవడం, కూలి పోగొట్టుకోవడం, బస్సు చార్జీకి అప్పు చేయడం, తెచ్చిన అన్నం ఎవరికివ్వాలో తెలీక వెనక్కి తీసుకుపోవడం. మాలో కొందరం ఆ చెట్టు కింద పెద్దవాళ్ళ పక్కన కూచున్న పిల్లలమే. ఆ ఎదురుచూపుకి సినిమాలో చోటు తక్కువ. లాకప్పు దెబ్బలకు మాత్రం కెమెరా నిమిషాలకు నిమిషాలు కేటాయించింది. మా ఒళ్ళు చిట్లడం చూపిస్తే తప్ప మా బాధ నమ్మరా అని అడగాలనిపించింది.

ఇదంతా అన్నాక ఒక దృశ్యం గురించి చెప్పకపోతే అన్యాయం. పైఅధికారి నుంచి ఫోను వచ్చాక పోలీసులు సెంగేనిని జీపులో ఇంటి దగ్గర దింపుతామంటారు. ఆమె ఎక్కదు. కూతురి చెయ్యి పట్టుకుని నడుస్తుంది. వెనక జీపు, అందులోవాళ్ళు ఎక్కమ్మా ఎక్కమ్మా అని బతిమాలుతుంటారు. ఇక్కడ వకీలు లేడు, ఉపన్యాసం లేదు. లిజోమోల్ జోస్ నడక ఒక్కటే ఉంది. తర్వాత డబ్బు ఇస్తామని రాజీ మాట వచ్చినప్పుడు, తండ్రిని చంపినవాళ్ళ సొమ్ముతో పెంచానని పిల్లలకు ఎట్లా చెప్పేది అని ఆమె తిప్పికొట్టడం కూడా ఇట్లాంటిదే. ఈ రెండు చోట్లా ఆమె బాధితురాలు కాదు, కక్షిదారు. సినిమా మొత్తం ఈ నడక వెంట పోయి ఉంటే దాని పేరుకు ఇంకా న్యాయం జరిగేది. అంబేడ్కర్ పేరు పెట్టుకున్న సినిమాలో అంబేడ్కర్‌వాదం ఆ ఆడమనిషి నోట కంటే వకీలు గోడ మీద ఎక్కువ కనపడటం మాకు నచ్చలేదు.

శవం, హద్దు, తేదీ. వీటితో న్యాయం ఎట్లా మెలికలు పడుతుందో తెలుగు పాఠకులకు చుండూరు చెబుతుంది. 1991 ఆగస్టు 6న దళితుల్ని పొలాల్లో తరిమి నరికి, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో వేశారు. ఇంటివాళ్ళు తమ మనుషులు బతికున్నారో లేదో తెలీక తిరిగారు. శవాలు ఒకటొకటిగా బయటపడటానికి రోజులు పట్టింది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఎప్పుడు చచ్చారో, ఎక్కడ చచ్చారో, ఎవరు చంపారో ప్రాసిక్యూషన్ నిరూపించలేదంది. శవాన్ని కాలవలో వేసేదే ఎప్పుడు, ఎక్కడ అన్నవి తెలీకుండా ఉండటానికి కదా. దాచినవాడి పనితనం దాచినవాడికే సంశయలాభం అయింది. కమ్మాపురం కేసులో హద్దు దాటిన శవాన్ని రెండో రిజిస్టర్లోంచి పట్టుకోగలిగారు కాబట్టి తీర్పు ఇంకో రకంగా వచ్చింది. ఒక ఫోటో, ఒక పంచనామా కాగితం మిగలకపోయుంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

అందుకే హెబియస్ కార్పస్ గెలిచిన ఘట్టంతో సినిమా ముగియడం మాకు తొందరపాటుగా తోచింది. ఆ పిటిషన్ అర్థం మనిషిని తెచ్చి చూపించమని. మనిషి రాలేదు. ఆ తర్వాత శిక్ష దాకా నడిచిన ఏళ్ళలో ఆమె ఏం తిన్నది, ఎన్నిసార్లు కోర్టు మెట్లెక్కింది, సాక్షులు ఎంతమంది నిలబడ్డారు అన్నది సినిమా కథ కాలేదు. తెరమీద కొత్త ఇల్లు వచ్చింది, కూతురు వకీలు పక్కన కాలు మీద కాలేసుకుని పేపరు చదివింది. ఆ బొమ్మ మాకూ ఇష్టమే, చదువుకున్న మొదటి తరం వాళ్ళం కదా. తెర బయట ఆ భార్య ఏ స్థితిలో బతుకుతోందో సినిమా వచ్చాకే పత్రికలవాళ్ళు పోయి చూశారు. అదే 2021 నవంబరులో హీరో సూర్య ఆమె పేరున పది లక్షలు డిపాజిట్ చేస్తానన్నాడు. అప్పటికి ఆమె మొగుడు కమ్మాపురం స్టేషన్ లోపలికి పోయి ఇరవై ఎనిమిదేళ్ళు.