నేల టిక్కెట్టు, సాటి అభిమాని

తెలుగు సినిమా మీద రాసినవాళ్ళలో ఎక్కువమంది తెరవైపు చూసి రాశారు. హాల్లో ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఆట వదిలాక ఎవరు ఎవరితో కలిసి ఆ సినిమా గురించి మాట్లాడుకుంటూ ఇంటికి నడిచారో చూసి రాసినవాళ్ళు తక్కువ. 'నీకే సినిమా ఇష్టం?' అని ఒకరినొకరు అడుక్కోవటం లోకంలో అతి మామూలు మాటగా చెలామణి అవుతోంది. మా ప్రాంతంలో ఆ మాట ఎవరు ఎవర్ని అడగగలిగారు, ఎవరు ఎవరికి జవాబు చెప్పగలిగారు అన్నది మేము ఇక్కడ వేసుకుంటున్న ప్రశ్న.

మా ప్రాంతమంటే తెనాలి, బాపట్ల, రేపల్లె. తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారు. చక్రపాణి తెనాలివాడనీ, కాంచనమాలదీ శారదదీ తెనాలే అనీ, గుమ్మడిది రావికంపాడనీ, కృష్ణది బుర్రిపాలెమనీ, కాస్త అవతల చిర్రావూరు సావిత్రిదనీ ఇక్కడ సినిమా మాటెత్తితే చాలు జాబితా చదువుతారు. ఆ జాబితా మాకూ కంఠతా వచ్చు. మేమూ చెప్పుకుని మురిసినవాళ్ళమే. అయితే ఆ జాబితాలో తెరమీదికి వెళ్ళినవాళ్ళు వున్నారు గానీ, తెరముందు నేలమీద కూర్చున్నవాళ్ళు లేరు.

నేలమీద కూర్చున్నది మావాళ్ళు. కోతలు కోసి, కుప్పలు నూర్చి, కూలి డబ్బులు చేతిలో పడ్డ రోజున మాలపల్లెల నుంచీ మాదిగపల్లెల నుంచీ గుంపులుగా కాలవగట్ల వెంబడి నడిచి టూరింగు టాకీసుకి పోయినవాళ్ళు. నేల, బెంచి, కుర్చీ అని మూడు రకాల టిక్కెట్లు. గుడి దగ్గర మేము బయట. బావి దగ్గర దూరం. పెళ్ళి బంతిలో అందరూ లేచాక, అదీ పిలిస్తే. సినిమాహాల్లో మాత్రం అందరికంటే ముందు మేమే! తెరకి దగ్గరగా కూర్చుంటే మెడ నొప్పి పుడుతుంది గనక ఆ చోటు చవక, చవక గనక అది మాది. కారణం ఏదైనా కుర్చీల్లో కూర్చున్న ఆసాములు మా తలల మీదుగానే సినిమా చూడాల్సి వచ్చింది. ఈలలు వేసిందీ, చిల్లర విసిరిందీ, రీలు తెగితే గోల చేసిందీ ముందువరస. ఏ సీను బాగుందో ఏది బాగోలేదో హాలు మొత్తానికి మొదట చెప్పింది నేలే.

శ్రీలంక తమిళ పండితుడు కార్తిగేసు శివతంబి 1981లో ప్రచురించిన ఒక చిన్న పుస్తకంలో, తమిళులందరూ ఒకే కప్పు కింద కూర్చున్న మొదటి ప్రదర్శనశాల సినిమాహాలేననీ, అక్కడ ఎవరెక్కడ కూర్చోవాలో తేల్చింది కొనుగోలు శక్తి తప్ప కుల హోదా కాదనీ అన్నాడు. ఆ మాటని మేము కొట్టిపారెయ్యం. మా తాతలకి వూళ్ళో దొరకని చోటు టిక్కెట్టు ముక్కతో దొరికిందంటే అది చిన్న సంగతి కాదు. కానీ ఒకే కప్పు కింద కూర్చోవటమూ, కలిసి సినిమా చూడటమూ ఒకటేనా?

ఈ ప్రశ్న పల్లెలో రాలేదు. అక్కడ సినిమా ఆటతో అయిపోయేది కాదు. చూసొచ్చినవాడు మర్నాడు నాట్లలోనో కలుపుల్లోనో చూడనివాళ్ళకి కథ చెప్పాలి. పిల్లలు అడిగే మొదటి ప్రశ్న 'ఫైటింగులెన్ని?'. సినిమా ఏ రకమో తేల్చుకునే కొలబద్ద అది. పత్రికలవాళ్ళు పౌరాణికం, జానపదం, సాంఘికం అని పంచుకున్నదాన్ని పల్లె తన లెక్కలో పంచుకుంది. దేవుడి సినిమా, రాజుల సినిమా, ఫైటింగు సినిమా, ఏడుపు సినిమా. కథ చెప్పేవాడు పాటల్ని రెండు ముక్కల్లో తేల్చేసేవాడు. కత్తియుద్ధాన్ని మాత్రం కర్రపుల్లతో ఆడి చూపించేవాడు. నచ్చని ముగింపుని మార్చి కూడా చెప్పేవాడు. దాన్ని విమర్శ అని ఎవరూ అనలేదు గానీ మేము నేర్చుకున్న మొదటి విమర్శ అదే.

మావాళ్ళకి రాజుల సినిమాలంటే ఎందుకంత పిచ్చి? విఠలాచార్య దెయ్యాలు, కాంతారావు కత్తి ఎందుకు నచ్చాయి? చదువుకున్నవాళ్ళ జవాబు సిద్ధంగా వుంటుంది. మూఢనమ్మకం, కష్టాలు మర్చిపోవటం, నేలక్లాసు టేస్టు. సాంఘికాల్లో మావాళ్ళ వేషం ఏమిటో మాత్రం వీళ్ళు ఎప్పుడూ చూడలేదు. తుండుగుడ్డ నడుముకి చుట్టుకుని చేతులు కట్టుకున్న పాలేరు, బాబుగారి పిల్లని ఎత్తుకు పెంచిన ముసలి నౌకరు, యజమాని కోసం కత్తిపోటుకి అడ్డం పడి చచ్చే నమ్మినబంటు. అర్ధరూపాయి పెట్టి టిక్కెట్టు కొని ఆ వేషాన్ని చూసుకోవాలా? జానపదంలో మా పల్లె లేదు, అందుకని మా పల్లెకి అవమానమూ లేదు. కృష్ణ 'మోసగాళ్ళకు మోసగాడు' (1971)లో గుర్రమెక్కి తుపాకి పట్టుకుంటే పడి చచ్చిందీ అందుకే అనుకుంటాం. ఆ ఎడారిలో మునసబు లేడు, కరణం లేడు. వాడి కులం ఎవరూ అడగరు. మావాళ్ళు ఎంచుకున్న సినిమా రకాల్లో ఒక తీర్పు వుంది.

ఈ తీర్పుని మేము చాలాకాలం దాచుకున్నాం. పల్లె నుంచి మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కినవాళ్ళం. హాస్టలు గదిలో రాత్రిపూట తోటివాళ్ళు ఇష్టమైన సినిమాలు చెప్పుకుంటుంటే మేమూ ఉత్సాహంగా ఒక విఠలాచార్య సినిమా పేరు చెప్పాం. నవ్వారు. చెడ్డవాళ్ళేం కాదు, స్నేహంగానే నవ్వారు. ఆ తర్వాత ఎవరడిగినా 'మల్లీశ్వరి' అని చెప్పటం నేర్చుకున్నాం. 'మల్లీశ్వరి' మంచి సినిమాయే. అది మేము ఇష్టపడి చెప్పిన పేరు కాదు, అంతే.

ఇప్పుడు వెనక్కి తిరిగి మా తెనాలివాళ్ళ సినిమాలనే నేల మీంచి చూద్దాం. చక్రపాణి భాగస్వామిగా వున్న విజయావారి 'పాతాళభైరవి' (1951) మావాళ్ళకి ప్రాణం. అందులో ఒక విశేషం వుంది. మామూలు జానపదాల్లో చాలాసార్లు పేదింట పెరిగిన వీరుడు చివరికి తప్పిపోయిన రాజకుమారుడని తేలతాడు. తోటరాముడు అలా తేలడు. తోటమాలి కొడుకుగా మొదలై తోటమాలి కొడుకుగానే రాజకూతుర్ని చేసుకుంటాడు. తెలుగు సినిమాలో ఇది చిన్న విషయం కాదు. అయితే రాజు పెట్టిన షరతు చూడండి. తనతో సమానంగా ఐశ్వర్యం సంపాదించుకొస్తేనే పిల్లనిస్తానన్నాడు. సాహసానికీ ప్రేమకీ దొరకని సమానత్వం సిరికి దొరికింది. శివతంబి చెప్పిన కొనుగోలు శక్తి ఇదే. డబ్బుంటే రాకుమారి, డబ్బుంటే కుర్చీ టిక్కెట్టు. పుట్టుక అడ్డం రాదని ఆ సినిమా మావాళ్ళకి హామీ ఇచ్చింది. వాళ్ళు నమ్మారు.

అదే చక్రపాణి కథ అందించిన 'మిస్సమ్మ' (1955) ఆ హామీని వాపసు తీసుకుంది. గుంటూరు జిల్లా పల్లెల్లో మేరీలు ఇంటికొకరు. చదువుకుని టీచరైన మేరీ మా పల్లెల కల. సావిత్రి ఆ మేరీగా తెరమీద కోపంగా, పొగరుగా, తన మతం తను వదలకుండా నడుస్తుంటే మా తల్లులు ఎంత మురిసిపోయారో చెప్పలేం. తెలుగు సినిమాలో అంత ఆత్మగౌరవం వున్న క్రైస్తవ ఆడపిల్ల అంతకుముందు మాకు కనపడలేదు. తీరా చివరికి ఏం చేశారు? కాలిమీద పుట్టుమచ్చ చూపించి, ఆమె చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు కూతురు మహాలక్ష్మి అని తేల్చారు. ఆ పొగరు, ఆ చదువు, ఆ అందం మేరీవి కావు, పుట్టుకవి అని సర్దిచెప్పారు. హాస్యం ముసుగులో ఎంత సున్నితంగా చేశారో! మేము ఈ సినిమాని ఇప్పటికీ ఇష్టంగా చూస్తాం. ఇష్టపడినంత మాత్రాన లెక్క అడగకూడదని ఎక్కడా లేదు.

సెమినార్లలో దళితులు, సినిమా అనగానే 'మాలపిల్ల' (1938) పేరు చెప్పి వూరుకుంటారు. గూడవల్లి రామబ్రహ్మం సాహసాన్ని మేము తక్కువ చెయ్యం. కానీ అందులోనూ శాస్త్రిగారి మనసు మారటానికి, మంటల్లో చిక్కుకున్న ఆయన భార్యని మావాడు కాపాడాల్సి వచ్చింది. అర్హత రుజువు చేసుకున్నాకే ప్రవేశం.

తర్వాత అభిమాన సంఘాల కాలం. ఎస్.వి. శ్రీనివాస్ వంటి పరిశోధకులు వీటి మీద విలువైన పని చేశారు. మేము చూసినంతలో చెప్పేది ఒకటే. రిలీజు రోజు తెల్లవారుజామున నిచ్చెనెక్కి తోరణాలు కట్టిందీ, కటౌటుకి దండ వేసిందీ మా కుర్రాళ్ళు. కరపత్రం మీద అధ్యక్షుడుగా, గౌరవాధ్యక్షుడుగా అచ్చయిన పేర్లు చాలాచోట్ల హీరో కులంవాళ్ళవి. హీరో ఒకడే, అభిమానం ఒకటే. సంఘం సమావేశంలో కుర్చీలు మాత్రం ఒకటి కాదు.

ఇక చుండూరు. తెనాలి నుంచి బాపట్ల వెళ్ళే రైలుదారిలో వుంది, ఇప్పటి బాపట్ల జిల్లాలోకి వచ్చింది. 1991 జూలైలో చుండూరు సినిమాహాల్లో ఒక చదువుకున్న దళిత యువకుడి కాలు ఒక రెడ్డి యువకుడికి తగిలింది. అంతే జరిగింది. చీకట్లో, సినిమా చూస్తూ, కాలు తగలటం. అక్కణ్ణుంచి కొట్టటం, కేసులు, దళితులకి పనులు బంద్ పెట్టి వెలివేయటం. ఆగస్టు 6న పొలాల్లోకి తరిమి ఎనిమిదిమంది దళితుల్ని నరికి చంపారు. గోనెసంచుల్లో కుక్కిన శవాల్ని కాలవల్లోంచీ తుంగభద్ర డ్రెయిన్లోంచీ తీయాల్సి వచ్చింది. 2007 జూలై 31న ఆ వూళ్ళోనే ఏర్పాటైన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడుదల చేసింది.

చుండూరుకి కారణం సినిమాహాలని మేమనటం లేదు. దళితులు చదువుకోవటం, ఆసాముల పొలం పని మీదే ఆధారపడకుండా బతకటం, తల ఎత్తి నడవటం వూరి పెద్దలకి అంతకు ముందునుంచే కంటగింపు. మేము అడిగేది వేరు. ఆ కంటగింపు పేలటానికి సినిమాహాలే ఎందుకు దొరికింది? ముందు నేలమీద విడిగా కూర్చున్నంతకాలం మా ఈలల్ని భరించారు, నవ్వుకున్నారు కూడా. పక్కపక్కనో ముందువెనకో కూర్చుంటేనే కదా కాలు తగిలేది. మా తాతలు నేలమీంచి లేచి, మా అన్నలు టిక్కెట్టు కొని వాళ్ళ పక్కకి వచ్చినప్పుడు అదే హాలు అగ్రహారమైంది. కొనుగోలు శక్తి సీటు ఇచ్చింది, సాటి అభిమాని హోదా ఇవ్వలేదు. ఒకే హీరోని చూసి ఇద్దరూ నవ్వే క్షణంలో పక్కవాడి కాలు తగిలితే, అది సాటి ప్రేక్షకుడి కాలా, మాలవాడి కాలా? చుండూరు ఆసాములు జవాబు చెప్పారు.

చనిపోయినవాళ్ళని వూరి నడుమ పూడ్చిపెట్టిన చోటుని రక్తక్షేత్రం అంటున్నాం. సినిమా మీద పరిశోధన చేసేవాళ్ళు తెనాలి వస్తే చక్రపాణి ఇల్లు ఎక్కడని అడుగుతారు. చుండూరులో దిగరు.

మా వుద్యమం మీదా మాకొక ఫిర్యాదు వుంది. పాటని నెత్తిన పెట్టుకున్నాం, కవిత్వాన్ని ఆయుధమన్నాం. సినిమాని బూర్జువా మత్తు అని పక్కన పడేశాం. మా పల్లె రెండు తరాలపాటు కూలి డబ్బుల్లోంచి తీసి ఖర్చుపెట్టిన కళ గురించి, మా పల్లె ఏమనుకుందో రాసిపెట్టుకోలేదు. 'పలాస 1978' (2020) వంటివి వచ్చాక మా పిల్లలు ఫోన్లలో సినిమా గురించి గట్టిగా వాదించుకుంటున్నారు, సంతోషమే. వాళ్ళ నాయనమ్మలు ఏం వాదించారో వాళ్ళకి తెలీదు. ముఖ్యంగా ఆడవాళ్ళు. నేలలో ఆడవాళ్ళ వైపు అడ్డుగోడ అవతల కూర్చుని వాళ్ళేం చూశారో మేమే ఇన్నాళ్ళూ అడగలేదు.

అందుకని ఈమధ్య రేపల్లె చుట్టుపక్కల పల్లెల్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని, మీకు నచ్చిన సినిమా కథ చెప్పమని అడుగుతున్నాం. ఎనభై దాటిన ఒక పెద్దమ్మ 'మిస్సమ్మ' చెప్పింది. మేరీ ఉద్యోగానికి పోవటం, అప్పులవాడు డేవిడ్ వెంటపడటం, రామారావు మీద మేరీ చిర్రుబుర్రులాడటం, అన్నీ వరసగా అరగంటసేపు చెప్పింది. మహాలక్ష్మి అనే పేరు మాత్రం రాలేదు. 'జమీందారు కూతురని తేలుద్ది గదా పెద్దమ్మా' అన్నాం మేమే ఆగలేక. 'అదేదో ఆఖర్న చెప్పార్లే అయ్యా' అంది, తమలపాకు ఈనె తీస్తూ. 'ఆ పిల్ల మేరీయే.'