సున్నా నిలిస్తేనే శుభలేఖ

ముహూర్తాలు దగ్గరపడితే లింగంపల్లి సందుల్లో స్క్రీన్ ప్రింటింగ్ వాళ్లకు తీరిక ఉండదు. శుభలేఖలు, చేతిసంచులు, టీషర్టులు. డిజిటల్ ప్రింటింగ్ వచ్చి ఎంతకాలమైనా మందపాటి కార్డు మీద సిరా ఒత్తుగా కూర్చోవాలంటే ఈ ఫ్రేమే దిక్కు.

నాకు అచ్చు వేయడం కంటే ఫ్రేమ్ తయారుచేయడం చూడటమే ఇష్టం. బిగించిన పాలిస్టర్ జాలీకి ఎమల్షన్ పలుచగా పూసి చీకట్లో ఆరబెడతారు. పెళ్లివారి పేర్లు నల్లగా దించిన పాజిటివ్ దానికి ఆనించి, పైన అద్దం పెట్టి, యూవీ ట్యూబుల ముందో మిట్టమధ్యాహ్నం ఎండలోనో ఉంచుతారు. వెలుతురు తగిలిన పూత గట్టిపడి ఇక నీళ్లకు కరగదు. అక్షరాల నీడన ఉన్నది మెత్తగానే ఉండిపోయి, కడిగితే పోతుంది. సిరా దిగే దారి అదే.

ఇక్కడ వెలుతురు రంగు వెయ్యదు. ఏ చోటు కరగాలో, ఏది నిలవాలో తేలుస్తుంది, అంతే. పెడన కలంకారీలో ఈ ఎంపిక చెక్క అచ్చుది. పటిక అద్దిన చోటే ఎరుపు గట్టిగా పడుతుంది, మిగతాది ఉతుకుల్లో వదిలిపోతుంది.

చిప్పులకూ ఇదే సూత్రం. సిలికాన్ పలక మీద ఫోటోరెసిస్ట్ పూత, వెలుతురును అడ్డే మాస్క్, 193 నానోమీటర్ల లేజర్. మరీ సన్నని గీతలకు 13.5 నానోమీటర్ల వెలుతురు. మన ఐటీ కారిడార్‌లో క్వాల్‌కామ్, ఏఎండీ ఇంజినీర్లు చిప్పులు డిజైన్ చేస్తారు గానీ వాటి మీద వెలుతురు పడేది ఎక్కువగా తైవాన్‌లో. ల్యాబుల సంగతి వదిలేస్తే, ఈ చుట్టుపక్కల రోజూ ఆ పని చేసేది శుభలేఖల కుర్రాడే.

పనితనమంతా టైమింగ్‌లో ఉంది. ఎండ తగ్గితే సున్నా మధ్యలో నిలవాల్సిన పిసరంత పూత కడిగేటప్పుడు ఊడొచ్చి, కార్డు మీద నల్లబొట్టు పడుతుంది. ఎక్కువైతే ఒత్తుల సన్నగీతలు మూసుకుపోతాయి. తెలుగు లిపికి ఈ రెండు బాధలూ ఉన్నాయి.

నా పేచీ మాత్రం ఎమల్షన్‌ను వెలుతురుకు గట్టిపడేలా చేసే బైక్రోమేట్‌తోనే. అది పట్టించిన కాగితం వెలుతురుకు రంగు మారుతుందని మంగో పాంటన్ 1839లో చూపాడు. చవక ఎమల్షన్లలో ఇంకా ఆ నారింజ పొడే కలుపుతారు, గ్లవ్స్ లేకుండానే. చర్మానికి పుండ్లు చేస్తుంది, క్యాన్సర్ కారకం కూడా. దాని బదులు వాడగలిగే డయజో పూతకు ఖర్చు కాస్త ఎక్కువే, కానీ కార్డుల మీద పంచి చూస్తే లెక్కలోకి రాదు. శుభలేఖలకు ఆర్డరిచ్చేవాళ్లు బంగారు అంచు గురించి అరగంట బేరమాడతారు కదా, ఈ మాట కూడా అడగొచ్చు.