పాలు కారని కాడ

నాలుగు చినుకులు పడితే చాలు, అరక్కోణం చుట్టుపక్కల వేరుశనగ చేల గెనాల మీద గంగపాయలాకు పరుచుకుంటుంది. తమిళ ఇరుగుపొరుగు పరుప్పుకీర అనేది దీన్నే. ఎవరూ విత్తరు, ఎవరూ నీళ్లు పెట్టరు.

పోల్చుకోవడం నాకు నేర్పింది మా అవ్వ. ఎర్రగా నున్నగా పాకే కాడ, గరిటెలాంటి దళసరి ఆకు, పొద్దున విచ్చుకునే చిన్న పసుపు పువ్వు. ఇవన్నీ చూపించాక కూడా ఆమె నమ్మేది వేళ్లనే. "విరిచి చూడు నాయనా, పాలొస్తే పారెయ్" అనేది. పక్కనే నేలబారున పెరిగే నానబాలు జాతి మొక్కలు తుంచగానే తెల్లటి పాలు కారుస్తాయి. గంగపాయల కాడలో ఊరేది నీరే. ఈ పరీక్ష చెయ్యకుండా ఒక్క రెమ్మ కూడా సంచిలో వెయ్యకూడదు.

కోసే వేళను బట్టి రుచి మారుతుంది. నీటి ఎద్దడిలో ఈ మొక్క పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి పీల్చిన కార్బన్ డయాక్సైడును మాలిక్ ఆమ్లంగా దాచుకుంటుంది. అందుకే తెల్లవారుజామున పులుపెక్కువ, సాయంత్రానికి చప్పబడుతుంది. మొక్కజొన్న కార్బన్ డయాక్సైడును పట్టే పద్ధతీ, ఈ రాత్రి పద్ధతీ ఒకే కణాల్లో కలిసి నడుస్తాయని యేల్ శాస్త్రవేత్తలు 2022లో చూపించారు. పొద్దున కోసిన ఆకుతో పప్పు చేస్తే నేను చింతపండు సగానికి తగ్గిస్తాను. ఆక్సలేట్లు ఎక్కువ కాబట్టి మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది.

 

నా దిగులంతా నేల గురించే. గంగపాయలకు నేలలోని లోహాలను పీల్చుకునే గుణం ఉంది. రాణిపేటలో గుట్టపడిన క్రోమియం వ్యర్థాలు భూగర్భ జలాల్లోకి దిగాయి. పాలారు నది పొడవునా తోలు శుద్ధి కర్మాగారాల మురుగు పారింది. రైలు కట్టల పక్కన కలుపుమందు కొడతారు. అలాంటి చోట ఆకు ఎంత లేతగా నవనవలాడినా నేను ముట్టను, ఎవరినీ ముట్టనివ్వను. మందు కొట్టారో లేదో రైతును అడిగాకే చేలో దిగుతాను. కూలీలు చేత్తో కలుపు తీసి గట్టున పోగేస్తారే, మంచి ఆకు ఆ పోగులోనే దొరుకుతుంది. అలా చేత్తో కలుపు తీయించే చేలు మా వైపు ఏటేటా తగ్గిపోతున్నాయి.