మంచం పక్క బడి

ఉదయం రౌండ్స్. మెడికల్ వార్డులో ఒక మంచం చుట్టూ తెల్లకోట్లు మూగాయి. "తాతా, పిల్లలు ఒకసారి పొట్ట చూస్తారు, పర్లేదా?" అని ప్రొఫెసర్ గారు అడిగారు. తాత తలూపాకే చేతులు రుద్దుకుని వెచ్చబరచుకున్నారు. నోరు విప్పి పాఠం మొదలుపెట్టక ముందే రెండు పాఠాలు అయిపోయాయి.

ఈ బడి పాతదే. హాలండ్‌లోని లైడెన్ నగరంలో 18వ శతాబ్దం మొదట్లో బూర్‌హావే పన్నెండు మంచాలు పెట్టుకుని, ఐరోపా నలుమూలల నుంచి వచ్చిన శిష్యులకు వైద్యం నేర్పాడు. 1893లో బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాల తెరిచాక విలియం ఆస్లర్ విద్యార్థులను వార్డుల్లోనే తిప్పి నేర్పించాడు. మన బోధనాసుపత్రుల్లోనూ నేటికీ అదే దారి.

రోగిని చూడటం, తాకడం, తట్టడం, వినడం. ఇదీ వరస. వీటిలో తట్టడం పుస్తకం చదివితే రాదు. ఎడమచేతి మధ్యవేలిని పక్కటెముకల సందులో గట్టిగా ఆనించాలి. కుడిచేతి మధ్యవేలి కొసతో దానిమీద టక్కున కొట్టి తీసేయాలి. మణికట్టే కదలాలి, మోచెయ్యి కాదు. ఊపిరితిత్తి మీద గుల్లగా మోగిన శబ్దం, కుడివైపు కిందికి దిగి కాలేయం దగ్గరికొచ్చేసరికి మొద్దుబారుతుంది. సంతలో కుండను తట్టి కొనే కిటుకే ఇది. ఆస్ట్రియా వైద్యుడు ఔఎన్‌బ్రుగ్గర్ 1761లోనే దీన్ని పుస్తకంగా అచ్చువేశాడు. అయినా పక్కనున్న సారు వేలు పట్టుకుని సరిచేస్తే తప్ప చేతికి పట్టుబడదు.

వేలికి ఎంత ఒడుపు కావాలో ప్రశ్నకూ అంతే కావాలి. నా చదువు రోజుల్లో ఒక సారు జవాబు తప్పితే కేసు షీటు విసిరేసేవారు. ఆ వార్డులో నేను జబ్బులకంటే ముందు దాక్కోవడం నేర్చుకున్నాను. దీనికి విరుగుడు లాంటి పద్ధతిని అమెరికాలో నెహర్ బృందం 1992లో ప్రకటించింది. అందులో ఐదు మెట్లు. నీకేమనిపిస్తోందని ముందు విద్యార్థినే అడగాలి. ఎందుకలా అనుకున్నావో చెప్పించాలి. అందరికీ పనికొచ్చే సూత్రం ఒక్కటి చెప్పాలి. సరిగ్గా చేసినదాన్ని విడమరిచి మెచ్చుకోవాలి. చివర్లో తప్పు దిద్దాలి. రద్దీ ఓపీలో కూడా ఐదు నిమిషాలకు మించదు.

రౌండ్స్‌లో నేర్చుకునేది విద్యార్థులొక్కరే కాదు. హౌస్ సర్జన్‌కు పీజీ, పీజీకి అసిస్టెంట్ ప్రొఫెసర్ గురువులు. ఆ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు మాత్రం పాఠం చెప్పడం ఎవరు నేర్పాలి? పెద్ద ప్రొఫెసర్ వారానికో మంచం అతనికి వదిలేసి, తాను వెనక నిలబడి చూస్తే చాలు. తర్వాత వరండాలో, పిల్లలెవరూ లేనప్పుడు, ఎక్కడ తొందరపడ్డాడో చెప్పాలి.

2019 నుంచి అమల్లోకి వచ్చిన ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక ప్రవర్తనకు, నైతికతకు, రోగితో మాట్లాడే తీరుకు విడిగా చోటిచ్చింది. మంచిదే. కానీ తాతను అనుమతి అడగడం విద్యార్థికి అలవాటయ్యేది సారు అడగగా చూసినప్పుడే. అందుకే సీనియర్లకు ఒక్క మనవి: రేపటి రౌండ్స్‌లో ఒక మంచం మీ జూనియర్‌కు వదలండి. మీరు వెనక నిలబడండి.