మైదానం మధ్యలో మాస్టారు

పిల్లలకు బంతి ఇచ్చి వదిలేస్తే ఏం జరుగుతుందో ఏ పీఈటీ మాస్టారిని అడిగినా చెబుతారు. ఇరవై మందీ దాని వెనకే పడతారు. ఒక మూల దుమ్ము లేస్తుంది, మిగతా మైదానమంతా ఖాళీగా ఉంటుంది. తిరువూరు చుట్టుపక్కల పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే నాకు ఆ గుంపును విడదీయడమే సగం పని. మిగతా సగం, ఆ గుంపుకు కాస్త ఎడంగా నిలబడి బంతి ఇప్పుడెటు వస్తుందా అని చూస్తున్న పిల్లనో పిల్లవాడినో కనిపెట్టడం. అలాంటివాళ్లు ప్రతి బడిలోనూ ఒకరిద్దరుంటారు. వాళ్లను మైదానం మధ్యలో ఆడిస్తాను.

మధ్యలో ఆడేవాడికి ముందూ వెనకా రెండూ తెలియాలి. బంతి కాలికి తగలకముందే దాన్ని ఎవరికివ్వాలో తేల్చుకోవాలి. గోల్ కొట్టినవాడి పేరు పేపర్లో వస్తుంది, ఆ బంతిని అక్కడిదాకా చేర్చినవాడి పేరు రాదు. అయినా మంచి కోచ్‌లు ఎక్కువగా ఈ చోటు నుంచే వస్తారని నా నమ్మకం. జర్మనీకి చెందిన హాన్సీ ఫ్లిక్‌నే చూడండి. బయర్న్ మ్యూనిక్ జట్టులో మిడ్‌ఫీల్డర్‌గా నాలుగు లీగ్ టైటిళ్లు గెలిచాడు కానీ సీనియర్ జాతీయ జట్టులో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. గాయాలతో 1993లో ప్రొఫెషనల్ ఆట ఆపేసి, హైడెల్‌బర్గ్ దగ్గర బమ్మెంటల్ అనే చిన్న ఊళ్లో ఆటసామాన్ల దుకాణం పెట్టుకున్నాడు. 1996లో ఆ ఊరి జట్టుకే కోచ్ అయ్యాడు. తర్వాత జర్మనీ జట్టు కోచ్ యోఆఖిమ్ లోవ్ పక్కన ఎనిమిదేళ్లు సహాయకుడిగా ఉన్నాడు, 2014లో జర్మనీ ప్రపంచకప్ గెలిచింది. 2020లో కోచ్‌గా బయర్న్‌కు చాంపియన్స్ లీగ్ తెచ్చాడు. ఆ దారిలో బార్సిలోనాను 8-2తో ఓడించాడు, ఇప్పుడు ఆ బార్సిలోనాకే కోచ్. అంత పెద్ద కోచ్ తిరువూరు లాంటి ఊళ్లో మొదలుపెట్టాడన్న సంగతి నాకు ఎంతో బలాన్నిస్తుంది.

మనకూ అలాంటి మనిషి ఒకరున్నారు. హైదరాబాదీ మిడ్‌ఫీల్డర్ సయ్యద్ షాహిద్ హకీం. 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టులో ఉన్నాడు. ఆ జట్టు కోచ్ ఆయన తండ్రే. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా అయ్యింది, హంగరీ చేతిలో 1-2తో, పెరూ చేతిలో 1-3తో ఓడిపోయాం. మూడు మ్యాచ్‌ల్లో ఒక్కదానిలోనూ హకీంకు ఆడే అవకాశం రాలేదు. రెండేళ్ల తర్వాత జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఆయన పేరే లేదు. అప్పుడూ కోచ్ నాన్నే.

కొడుకు మనసు ఎంత నొచ్చుకుని ఉంటుందో ఊహించగలను. కానీ హకీం ఆటను వదల్లేదు. ఎయిర్‌ఫోర్స్‌లో స్క్వాడ్రన్ లీడర్ అయ్యాడు, ఫిఫా రిఫరీ అయ్యాడు, 1988లో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో విజిల్ పట్టాడు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో భారత జట్టు కోచ్ పి.కె. బెనర్జీకి సహాయకుడు. మహీంద్రా జట్టుకు కోచ్‌గా ఈస్ట్ బెంగాల్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ గెలిచాడు. ఆటగాడిగా, రిఫరీగా, కోచ్‌గా ఒకే ఆటను మూడు వైపుల నుంచీ చూసినవాళ్లు ఎంతమంది ఉంటారు? ధ్యాన్‌చంద్ అవార్డు మాత్రం 2017 దాకా రాలేదు. 2021 ఆగస్టులో కన్నుమూశాడు.

ఆ తండ్రి సయ్యద్ అబ్దుల్ రహీం గురించి ఈమధ్య అందరికీ కొంత తెలుసు, 2024లో 'మైదాన్' సినిమా వచ్చింది కదా. ఆయన కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్లలో పాఠాలు చెప్పిన పంతులు. ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన కాలంలోనివే. జకార్తా ఫైనల్లో లక్షమంది జనం మన జట్టును గేలిచేస్తుంటే, తలకు కుట్లతో ఉన్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన ముందు వరసలో ఆడించారు. దక్షిణ కొరియా మీద గెలిపించిన రెండు గోల్స్‌లో ఒకటి జర్నైల్‌దే. తొమ్మిది నెలలకే, 1963 జూన్‌లో, క్యాన్సర్ రహీంను తీసుకుపోయింది.

పతకాల సంగతి అలా ఉంచితే, నేను ఆయనకు దణ్ణం పెట్టేది హైదరాబాద్‌లో కుర్రాళ్లకు పెట్టిన పోటీలకు. డ్రిబ్లింగ్ చేయకూడదన్న నిబంధనతో ఒక టోర్నమెంట్ పెట్టారు. వాటం లేని కాలితోనే ఆడాలన్న నిబంధనతో ఇంకొకటి పెట్టారు. వీటికి డబ్బు అక్కర్లేదు, పచ్చిక మైదానం అక్కర్లేదు, బూట్లు కూడా అక్కర్లేదు.

డ్రిబ్లింగ్ వద్దన్న మ్యాచ్ మా పిల్లలతో ఆడించి చూస్తుంటాను. మొదట చురుకైనవాళ్లకు కోపం వస్తుంది, బంతిని తమ దగ్గరే ఉంచుకోవడం అలవాటు కదా. కాసేపటికి బంతి అందుకున్న ప్రతివాడూ తల పైకెత్తుతాడు, ఎవరికో ఒకరికి ఇచ్చేయక తప్పదు గనుక. ఇవ్వాలంటే ఎవరో ఎడంగా ఉండాలి. దాంతో అరవకుండానే, ఈల వేయకుండానే, గుంపు తనంతట తానే విచ్చుకుంటుంది. ఎప్పుడూ బంతి ముట్టని పిల్లకు కూడా బంతి వస్తుంది. వాటం లేని కాలితో ఆడే మ్యాచ్‌లో ఇంకో మేలుంది. అందరూ తడబడతారు, ఆరితేరినవాడికీ కొత్తవాడికీ మధ్య దూరం తగ్గిపోతుంది. వెనకబడ్డ పిల్లల ముఖాల్లో ఆ పూట వచ్చే ధైర్యం కోసమైనా ఆ మ్యాచ్ ఆడించాలి.

ఒకప్పుడు రాష్ట్ర జట్లు పోటీపడే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ రెండుసార్లు గెలిచింది. ఆంధ్రప్రదేశ్ 1965-66లో ఒకసారి గెలిచింది, అంతే, మళ్లీ గెలవలేదు. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ నెగ్గినప్పుడు సంతోషించాను. అయితే ఒక క్లబ్ గెలవడం వేరు, మన బళ్లలోంచి ఆటగాళ్లు తయారుకావడం వేరు. కోచ్ అంటే ఖరీదైన క్యాంపుల్లో ఉండేవాడని మనం అనుకోవడం మొదలుపెట్టాక ఆ రెండోది ఆగిపోయిందని నా గట్టి అభిప్రాయం. రహీం సాహెబ్ బడిపంతులే కదా.

తిరువూరు, విస్సన్నపేట, గంపలగూడెం, అటువైపు సత్తుపల్లి, మధిర బళ్లలోని పీఈటీ మిత్రులకు ఒక మనవి. వాలీబాల్, కబడ్డీ మానొద్దు, క్రికెట్ ఎలాగూ ఆగదు. వారానికి ఒక్క పీరియడ్, ఒక్క బంతితో, డ్రిబ్లింగ్ లేని ఆట ఆడించండి. మరుసటి వారం వాటం లేని కాలితో ఆడించండి. గుంపుకు ఎడంగా నిలబడే పిల్ల ఎవరో గమనించి, ఆ పేరు మీ రిజిస్టర్‌లో రాసిపెట్టుకోండి.