ఏ రోజు వాక్యం ఆ రోజుకే

ఆదివారం ప్రసంగం ఎట్లాగోలా నడిచిపోతుంది. జనం నిండుగా ఉంటారు, పాటలుంటాయి, నాలుగు పిట్టకథలు చెప్పినా అరగంట గడుస్తుంది. మంగళవారం పొద్దున ఆరింటి పూజ సంగతి వేరు. గుడిలో పదిహేను మంది ఉంటే అందులో ఇద్దరు ఫస్ట్ షిఫ్ట్‌కు బాయి మీదికి పోవాల్సినవాళ్ళు, ముగ్గురు పిల్లలకు టిఫిన్ డబ్బాలు కట్టాల్సిన తల్లులు. వాళ్ళ ముందు నిలబడి, ఆనాటి సువిశేషం మీద మూడు నిమిషాల్లో ఒకే ఒక్క మాట చెప్పి, ఆ మాట సాయంత్రం దాకా వాళ్ళను వదలకుండా చెయ్యడం ఒక విద్య. బెల్లంపల్లి లాంటి బొగ్గు ఊళ్ళో ఆ విద్య తెలిసిన గురువులను, ఉపదేశులను వింటూ పెరిగాను గనక నాకు పక్షపాతం ఉంది. దాచుకోను.

ఈ విద్యలో మొదటి కట్టుబాటు, చెప్పేవాడికి వాక్యాన్ని ఎంచుకునే హక్కు లేకపోవడం. ఏ రోజు ఏ పఠనమో శ్రీసభ ముందే నిర్ణయించి పెట్టింది. రెండవ వాటికన్ మహాసభ తరువాత 1969లో వచ్చిన లాటిను రీతి క్రమంలో ఆదివారాలకు మూడేళ్ళ చక్రం ఉంది. మామూలు రోజుల్లో మొదటి పఠనానికి రెండేళ్ళ చక్రం, సువిశేషానికి ఏటా అదే వరస. సామాన్య కాలంలో మొదటి 9 వారాలు మార్కు, 10వ వారం నుంచి 21వ వారం దాకా మత్తయి, అక్కడి నుంచి 34వ వారం ముగిసేదాకా లూకా. ఇక నచ్చిన వచనం చుట్టూ ప్రదక్షిణలు చెయ్యడానికి వీల్లేదు. దీవెనల గురించి చెప్పాలని మనసులో ఎంత ఉన్నా, ఆనాటి పఠనం ధనవంతుడు, లాజరు కథ అయితే ఆ ధనవంతుడి గడప తొక్కాల్సిందే, వాకిట్లో పుండ్లతో పడివున్నవాణ్ణి చూడాల్సిందే. ప్రసంగీకుడి కోపతాపాలు, ఊరి తగాదాలు వాక్యం మీదెక్కి స్వారీ చెయ్యకుండా ఇన్నాళ్ళూ కాపాడింది ఈ కట్టుబాటేనని నా నమ్మకం.

మా ప్రాంతంలో దీనికి ఇంకో మెలిక ఉంది. 1962లో చాందా ప్రాంతం కేరళ సి.ఎం.ఐ. మఠసభ గురువుల చేతికి వచ్చింది. ఆ చాందా మేత్రాసనం నుంచే 1999లో ఆదిలాబాద్ మేత్రాసనం విడివడింది, పీఠం మంచిర్యాలలో ఉంది. రీతి సీరో మలబార్. గోదావరి దాటి కరీంనగర్ వైపు పోతే వరంగల్ మేత్రాసనం, లాటిను రీతి. అక్కడ తపస్సు కాలం విభూది బుధవారంతో మొదలవుతుంది. సీరో మలబార్ సంప్రదాయంలో పెద్ద ఉపవాసం సోమవారమే మొదలు, విభూది కూడా ఆనాడే. దానికి ముందు యోనా ప్రవక్తను, నీనెవె వాసుల పశ్చాత్తాపాన్ని తలుచుకుంటూ మూడు రోజుల ఉపవాసం. ఆరాధన సంవత్సరం మంగళవార్త కాలంతో మొదలై, ఏలియా, సిలువ, మోషే కాలాలు దాటి, దేవాలయ ప్రతిష్ఠ కాలంతో ముగుస్తుంది. లాటిను క్యాలెండరు ప్రకారం అచ్చయిన ధ్యానాల పుస్తకం చంకన పెట్టుకుని ఇక్కడి పూజకు వస్తే పుస్తకంలో ఒక వాక్యం, పీఠం దగ్గర మరో వాక్యం. ఆ పుస్తకం మూసి, ఆనాడు చదివిన సువిశేషం మీదనే అప్పటికప్పుడు నిలబడి చెప్పగలిగినవాడే చేయి తిరిగినవాడు. కేరళ నుంచి వచ్చి, ఇల్లిల్లూ తిరిగి తెలుగు నేర్చుకుని, మన మాటలోనే అలా చెప్పిన గురువులున్నారు. వాళ్ళకు చేతులెత్తి మొక్కాలి.

వాక్యాన్ని ధ్యానించే పద్ధతికొస్తే, 12వ శతాబ్దపు కార్తూసియన్ మఠవాసి గీగో దానికి నాలుగు మెట్లు చెప్పాడు: చదవడం, మననం, ప్రార్థన, మౌనంగా దేవుడి ఎదుట ఉండిపోవడం. చదవడమంటే ముద్ద నోట్లో పెట్టుకోవడం, మననమంటే నమలడం అన్నాడాయన. మన శ్రవణ మనన నిదిధ్యాసనలు తెలిసినవాళ్ళకు ఇది పరాయి దారి అనిపించదు. పునీత ఇన్యాసివారు మరో ఉపాయం ఇచ్చారు. 1548లో పోపుగారి ఆమోదం పొందిన తన ధ్యానాభ్యాసాల్లో, సువార్త ఘట్టం జరిగిన చోటును ముందు మనసులో కట్టుకోమన్నారు. దారి వెడల్పెంత, ఇల్లు ఎత్తా పల్లమా, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, అన్నీ చూడాలి. మంచి ధ్యానం వినండి, ఈ రెండూ దొరుకుతాయి. ముందు చోటు కనబడుతుంది. తరువాత ఒక్క చిన్న వివరం దగ్గర చెప్పేవాడు ఆగుతాడు, కదలడు. చేతకానివాడు పఠనమంతా మళ్ళీ మొదటినుంచి చెప్పి, చివర "కాబట్టి ప్రియులారా" అని నాలుగు ఆజ్ఞలు జారీ చేసి కూర్చుంటాడు.

ఆగడంలో మహానుభావులు ఎంత దూరం పోయారో చూడండి. క్లెర్వో మఠాధిపతి బెర్నార్డు 1135లో పరమగీతం మీద ప్రసంగాలు మొదలుపెట్టి, 1153లో కన్నుమూసేదాకా 86 చెప్పాడు. పద్దెనిమిదేళ్ళకు చేరింది మూడో అధ్యాయం మొదట్లోకి! బంగారు నోరని పేరుపొందిన క్రిసోస్తోం మత్తయి సువార్త మీద 90 ప్రసంగాలు, అగుస్తీను యోహాను సువార్త మీద 124. అగుస్తీను మాట్లాడుతుంటే లేఖకులు పక్కన కూర్చుని రాసుకునేవారు, అందుకే మనకు మిగిలాయి. ఇంగ్లండు మఠవాసి బీడ్ 8వ శతాబ్దంలో సుంకరి మత్తయి పిలుపు మీద ఒక ప్రసంగం చేశాడు. యేసు అతన్ని కరుణతో చూసి ఎంచుకున్నాడన్న భావం అందులోది. పన్నెండు వందల ఏళ్ళ తరువాత అర్జెంటీనాలో ఒక గురువు మేత్రాణులైనప్పుడు ఆ మాటలనే తన ధ్యేయవాక్యంగా పెట్టుకున్నారు. ఆయనే తరువాత పోపు ఫ్రాన్సిస్. ఆయన కూడా ఈ విద్యలో గట్టివాడే. 2013 నుంచి వాటికన్‌లోని సాంతా మార్తా గుడిలో పొద్దుటి పూజకు కాగితం లేకుండా నాలుగు మాటలు చెప్పేవారు. 2020లో లాక్‌డౌన్ రోజుల్లో ఆ పూజ ప్రత్యక్ష ప్రసారమై ఎక్కడెక్కడి ఇళ్ళలోకో వచ్చింది. ప్రసంగం పది నిమిషాలు దాటొద్దని గురువులను మందలించి, తరువాత దాన్ని ఎనిమిదికి దించారు. మా వైపు కొందరికి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

ఇక కరుణ. ధ్యానం చెప్పేవాడి అసలు సత్తా తేలేది ఇక్కడే. లూకా 15వ అధ్యాయంలో తప్పిపోయిన కుమారుడి కథ తెలియనిదెవరికి? చిన్నవాడు తిరిగొచ్చాడు, తండ్రి పరుగెత్తాడు, విందు జరిగింది. ఇంతే చెప్పి కన్నీళ్ళు పెట్టించడం తేలిక. నేను విన్న మేటి ధ్యానం పెద్దకొడుకు దగ్గర ఆగింది. సింగరేణి ఇళ్ళల్లో ఈ కథ ఎట్లా ఉంటుంది? తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే కారుణ్య నియామకం ఒక్కరికే. ఇద్దరు కొడుకులున్న ఇంట్లో ఆ ఉద్యోగం ఎవరికి పోయిందన్న దాని మీద అన్నదమ్ములు మాట్లాడుకోని ఇళ్ళు ఎన్ని లేవు? ఇన్నేళ్ళూ అమ్మానాన్నల్ని చూసుకున్నది నేను, ఉద్యోగం వాడికా అని అడిగే అన్న గొంతే సువార్తలోని పెద్దకొడుకు గొంతు. అతని లెక్క తప్పేమీ కాదు కూడా. తండ్రి ఆ లెక్కను కొట్టిపారెయ్యలేదు, బయటికి వచ్చి బతిమాలాడు. యేసు కథను అక్కడే ఆపేశాడు, పెద్దవాడు లోపలికి పోయాడో లేదో చెప్పలేదు. ఆ ధ్యానం కూడా అక్కడే ఆగింది. గుడిలో ఎవరూ దగ్గలేదు.

పోలండు కన్యస్త్రీ పునీత ఫౌస్టీనా (1905–1938) చాటిన దివ్య కారుణ్య భక్తిని నేను గౌరవిస్తాను. ఆమెను 2000 ఏప్రిల్ 30న పునీతురాలిగా ప్రకటించారు, పాస్కా తరువాతి ఆదివారం ఆ కారుణ్యానిదే. అయితే పటానికి దండవేసి, మూడు గంటల జపం గడగడా చదివేసి, గేటు దగ్గర బిచ్చగత్తెను కసిరేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది.

పునీతుల గురించి చెప్పడానికీ ఒక నేర్పు ఉంది. పుట్టుక, మరణం, అద్భుతాలు, అన్నీ వరసగా అప్పజెబితే పునీతుడు పటంలోనే మిగిలిపోతాడు. ఒక్క కీలు పట్టుకోవాలి. జాన్ వియాన్నీకి లాటిను ఎక్కలేదు, చదువులో వెనకబడ్డాడు, ఆర్స్ అనే చిన్న పల్లెకు పంపారు. అదే మనిషి పాపసంకీర్తనం వినడానికి రోజుకు పదహారు గంటలదాకా కూర్చునేవాడు, పల్లెకు యాత్రికులు వేలల్లో వచ్చారు. పదో తరగతి తప్పిన పిల్లవాడికి ఇంతకన్నా ఏం చెప్పాలి? మన నేల మీది వాళ్ళను మాత్రం మనం మరిచిపోతాం. ఆస్ట్రేలియాలో పేరున్న డాక్టరు మేరీ గ్లౌరీ 1920లో గుంటూరు వచ్చి, కన్యస్త్రీ అయి, వైద్యం చెయ్యడానికి పోపుగారి ప్రత్యేక అనుమతి పొందింది. 1943లో కాథలిక్ ఆసుపత్రులన్నిటినీ ఒక సంఘంగా కట్టింది. పెద్దావుటపల్లిలో 1945 జనవరి 15న చనిపోయిన జోజి తంబి గారి సమాధికి ఏటా జనవరిలో జనం పోటెత్తుతారు. దేవసహాయం పిళ్ళై గృహస్థు, గురువు కాదు, 2022లో పునీతుడయ్యాడు. ఇంత సంపద ఇంట్లో పెట్టుకుని, ఎక్కడో ఇటలీ పునీతుల కథలు గూగుల్ అనువాదంలో చదువుతామేం?

ఇక్కడ నా కోపం చెప్పాలి. పొద్దున లేస్తే ఫోన్‌లో గులాబీ పువ్వు, వెనక సూర్యోదయం, కింద సగం వచనం. "ఆమెన్ అని టైప్ చెయ్యండి, ఏడుగురికి పంపండి." ఇది ధ్యానమా? యిర్మీయా 29వ అధ్యాయంలో దేవుడు మేలైన భవిష్యత్తు ఇస్తానన్న వచనం నాకు వారానికి మూడుసార్లు వస్తుంది. దానికి ముందు వచనం మాత్రం ఎవరూ పంపరు. అందులో బబులోనులో డెబ్బయి ఏళ్ళు గడవాలని ఉంది! అంటే చెరలో ఉన్నవాళ్ళకు ప్రవక్త రాసిన ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది ఇల్లు చేరరు. బాయిలు ఒక్కొక్కటిగా మూతపడి, పిల్లలు హైదరాబాదుకో గల్ఫుకో పోయిన మా ఊరికి కావల్సింది ఆ పూర్తి ఉత్తరం. పరాయి ఊళ్ళో ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, ఆ నగరం క్షేమం కోరండి అని అదే అధ్యాయంలో ఉంది. సగం కోసి పంచేవాళ్ళు ఓదార్పును కల్తీ చేస్తున్నారు. ఇప్పుడు యంత్రం రాసిన ప్రసంగాన్ని పీఠం మీదినుంచి చదివే రోజులూ వచ్చాయి. భాష నున్నగా ఉంటుంది, అందులో ఏ ఊరూ ఉండదు. (మైకుల మీద స్వస్థత సభలు పెట్టేవాళ్ళ జోలికి నేను పోను. మన ఇల్లు మనం ఊడ్చుకుంటే చాలు.)

తెలుగులో ఈ సంప్రదాయానికి వేరు లోతుగానే ఉంది. 18వ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను "వేదాంత రసాయనం"గా పద్యాల్లో చెప్పాడు. అయినా అప్పట్లో పీఠం దగ్గర పూజ భాష లాటినే. స్థానిక భాషలకు తలుపు తీసి, ప్రసంగం పూజలో భాగమేనని చెప్పిన ఆరాధన శాసనం మీద మహాసభ 1963 డిసెంబర్ 4న సంతకం చేసింది. ఆ డిసెంబర్ 4 గని కార్మికుల పాలక పునీతురాలు బార్బరా పండుగ రోజు. తండ్రి బురుజులో బంధిస్తే, రెండు కిటికీలున్న చోట త్రిత్వం పేర మూడోది పెట్టించిందని ఆమె ఐతిహ్యం. 1969లో రోము సాధారణ క్యాలెండరు నుంచి ఆమె పేరు తీసేశారు. తీసేస్తే తీసేశారు, ఎన్నో దేశాల గని కార్మికులు ఆమెను వదల్లేదు.

1920ల చివర్లో బొగ్గు తవ్వకం మొదలైన ఈ ఊళ్ళో ఆమె పేర తెలుగులో చెప్పిన ఒక్క ధ్యానమైనా రాతలో మిగిలిందా? అగుస్తీనుకు లేఖకులున్నారు, మనకు జేబులో ఫోనుంది. పాత ఉపదేశుల నోటుపుస్తకాలు చెదలు పట్టకముందే అడిగి తెచ్చి ఫొటోలు తియ్యండి. పొద్దుటి పూజ మూడు నిమిషాలు రికార్డు చెయ్యండి. వచ్చే డిసెంబర్ 4న ఎవరైనా యోబు గ్రంథం 28వ అధ్యాయం తీసుకుని చెప్పండి. మనుషులు భూమిలోకి దారి తొలుచుకుని, నరసంచారం లేని చోట తాళ్ళకు వేలాడి, చీకటి అంచుదాకా పోయి రాయి తీస్తారనీ, జ్ఞానం మాత్రం అక్కడ దొరకదనీ ఆ అధ్యాయం చెబుతుంది. టోపీ లైట్ పెట్టుకుని ముప్పై ఏళ్ళు బాయి దిగి, ఊపిరితిత్తులు పాడుచేసుకుని రిటైరైనవాళ్ళు ముందు వరసలోనే కూర్చుంటారు. ఆ తాళ్ళ గురించి ముందు వాళ్ళనే అడగండి.